నెలకు పదిహేను వందలు ఉంటే ఏ ఆల్బమ్ కొనాలి?

ప్రశ్న క్లుప్తంగా ఇది: "మాది ఒంగోలు, బెంగళూరు బెల్లందూరులో ఉంటాను. సినిమా పాటలు కాకుండా సొంతంగా పాటలు చేసుకునే బ్యాండ్ల ఆల్బమ్‌లు కొందామని నెలకు పదిహేను వందలు పక్కన పెడుతున్నాను. కొత్తవాటిలో కొనదగ్గవి ఏవి? అన్నీ ఫోన్లోనే వస్తుంటే కొనడం దండగని రూమ్మేట్ నవ్వుతున్నాడు. నా దగ్గర ఉన్నవి ఒక బ్లూటూత్ స్పీకర్, ఇయర్‌ఫోన్స్."

తమ్ముడూ, ముందు మీ రూమ్మేట్ సంగతి తేల్చేద్దాం. అతను చెప్పింది సగం నిజమే. వినడానికి మాత్రమే అయితే నువ్వు ఏదీ కొనక్కర్లేదు. మిగతా సగం చెప్పాలంటే నా గోల కాస్త చెప్పాలి.

నేను హిందూపురం నుంచి 2005లో బెంగళూరు వచ్చాను. వారమంతా ఆఫీసు, శని ఆదివారాలు లైవ్ షోలకు సౌండ్ మిక్సింగ్. షో అయ్యాక బ్యాండ్ వాళ్లు సీడీలు, టీషర్టులు అమ్ముకునే బల్ల మామూలుగా నా మిక్సింగ్ కన్సోల్ పక్కనే వేస్తారు. కేబుళ్లు చుట్టుకుంటూ అక్కడ ఎవరు ఏం కొంటున్నారో చూడటం నాకు అలవాటైపోయింది. ఒకసారి ఇందిరానగర్‌లో ఒక చిన్న హాలు, నూటయాభై మంది దాకా జనం. ప్రతి పాటకీ ఈలలు, అందరి ఫోన్లూ పైకే. తీరా అయ్యాక బల్ల మీద అమ్ముడైనవి నాలుగు సీడీలు, ఏడు టీషర్టులు. డ్రమ్మర్ కుర్రాడు నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని, బయట నిలబడ్డ టెంపో అతనికి బాడుగ ఇచ్చేశాడు. డ్రమ్‌కిట్ తెచ్చిన టెంపో అది. అతని చేతిలో మిగిలింది ఒక టీ డబ్బులు. ఆల్బమ్ కొనడం అన్నప్పుడల్లా నాకు ఆ టెంపోనే గుర్తొస్తుంది.

డబ్బు దారి కొంచెం చూడు. స్పాటిఫైలో 2024 నుంచి ఒక రూలుంది. పన్నెండు నెలల్లో కనీసం వెయ్యిసార్లు ప్లే కాని పాటకు రాయల్టీ లెక్కే మొదలవదు. కొత్త బ్యాండ్ల పాటలు చాలా ఈ గీత కిందే ఉండిపోతాయి. బ్యాండ్లు నేరుగా ఆల్బమ్‌లు అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ సైటులో అయితే డిజిటల్ అమ్మకాల్లో సైటు వాటా 15 శాతం. ఆరు వందల ఆల్బమ్ మీద తొంభై పోతుంది, చెల్లింపు చార్జీలు ఇంకాస్త పోతాయి, మిగిలినది బ్యాండ్‌కు చేరుతుంది. అదీ నువ్వు ఒక్కసారి కొంటే చాలు. 2020 మార్చిలో కరోనా మొదలైనప్పుడు వాళ్లు బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే అని మొదలుపెట్టారు. కొన్ని నెలల్లో ఒక శుక్రవారం తమ వాటా పూర్తిగా వదులుకుంటారు. కొనాలనుకున్నవి ఒక చీటీలో రాసిపెట్టుకుని ఆ రోజు కొనడం నా అలవాటు.

ఇంకో మాట, పాటల యాప్‌లు శాశ్వతం కాదు. రెస్సో 2024 జనవరి ఆఖరుకు ఇండియాలో ఆగిపోయింది, వింక్ కూడా అదే ఏడాది మూతపడింది. వాటిలో జనం ఏళ్ల తరబడి పేర్చుకున్న ప్లేలిస్టులు ఉండేవి. 2012లో ఫ్లిప్‌కార్ట్ వాళ్లు ఫ్లైట్ అని ఎంపీత్రీలు అమ్మే షాపు పెట్టి మరుసటి ఏడాది జూన్‌లో ఎత్తేశారు. షాపు పోయినా అవి ఏ ప్లేయర్లోనైనా మోగే, తాళం లేని ఫైళ్లు కాబట్టి అప్పట్లో కొన్నవి నా దగ్గర ఇంకా మోగుతున్నాయి. మీ రూమ్మేట్‌కు ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

ఇక ఏది కొనాలి అన్నది. ఒక పాట నచ్చిందని ఆల్బమ్ కొనేయకు. ఈ రోజుల్లో రీల్‌కు సరిపడా పదిహేను సెకన్లు ముందు చేసుకుని, మిగతా మూడు నిమిషాలు దాని చుట్టూ గోడ కట్టే పాటలు బోలెడు వస్తున్నాయి. అవి మొదటిసారి చెవికి ఇంపుగానే ఉంటాయి. నేను మూడుసార్లు వింటాను. మొదట ఫోన్ పక్కన పడేసి మొత్తం ఒకే బిగిన. రెండోసారి ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో. తర్వాత వారం రోజులు అసలు ముట్టుకోను. ఆ వారంలో స్నానం చేస్తుంటేనో ఉప్మా కలుపుతుంటేనో ఏదో ఒక లైను దానంతట అది నోట్లోకి వస్తే మూడోసారి విని కొంటాను. రాకపోతే ఆ ఆల్బమ్‌కూ నాకూ రుణం లేదనుకుంటాను.

కొత్తవి అన్నావు. సినిమా పాటలకు రిలీజైన శుక్రవారం ముఖ్యం, వీటికి కాదు. ఇవి నిదానంగా చేరతాయి. ఐదేళ్ల క్రితం వచ్చిన ఆల్బమ్ నువ్వు ఇవాళ మొదటిసారి వింటే నీకది కొత్తదే. అందుకని కింద పాతవి కలిపి చెప్తే చిరాకు పడకు.

నువ్వు తెలుగువాడివి కాబట్టి అగం బ్యాండ్‌తో మొదలుపెట్టు. బెంగళూరు వాళ్లే, చాలామంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసుకుంటూ పాటలు చేసినవాళ్లు. కర్ణాటక సంగీతాన్ని ప్రోగ్రెసివ్ రాక్‌లో కలుపుతారు. 2012లో వచ్చిన ది ఇన్నర్ సెల్ఫ్ అవేకెన్స్, 2017లో వచ్చిన ఎ డ్రీమ్ టు రిమెంబర్ రెండూ వినాలి. మొదటి దాంట్లో స్వాన్స్ ఆఫ్ సరస్వతి అని ఒక పాట ఉంది, అది త్యాగరాజ స్వామి బంటురీతి కొలువే. ఫ్యూజన్ పేరుతో కీర్తన వెనకాల డ్రమ్స్ పడేసి చేతులు దులుపుకునే వాళ్లను చాలామందిని మిక్స్ చేశాను, అందుకే ఇది ఎందుకు నిలబడిందో చెప్తాను విను.

ఆ కీర్తన హంసనాదం రాగంలో ఉంది. ఇప్పుడు పాడే పద్ధతిలో స రి మ ప ని, అంతే. గాంధారం లేదు. పాశ్చాత్య సంగీతంలో షడ్జమం మీద కట్టిన కార్డ్, అంటే కలిపి మోగించే స్వరాల గుంపు, మేజరా మైనరా అని తేల్చేది సరిగ్గా ఆ గాంధారమే. రాక్ గిటారిస్టు డిస్టార్షన్ పెట్టి కొట్టే పవర్ కార్డ్‌లోనూ అది ఉండదు, షడ్జమం, పంచమం అంతే. అక్కడ మేజర్ మైనర్ కార్డులు పడేస్తే రాగానికి సంబంధం లేని స్వరం ఒకటి వెనకాల నుంచి కుమ్ముతూ ఉంటుంది. పవర్ కార్డ్ అయితే గిటారు ఎంత గరగరలాడినా రాగాన్ని నలపదు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని గిటారు బరువుగా దిగే చోట ఒక్కసారి పాటను వదిలేసి గిటారునే పట్టుకుని చూడు, నేను చెప్పింది చెవికి తగులుతుంది. ఇంకో తమాషా ఏమిటంటే వాళ్ల షోలకు వచ్చే జనంలో మలయాళీలు, తమిళులు, కన్నడిగులు అందరూ ఆ కీర్తన గొంతెత్తి పాడతారు. మాటలకు అర్థం తెలిసి పాడేది మాత్రం మూలన ఉన్న మన మారతహళ్లి తెలుగు బ్యాచే. రాముడి దగ్గర బంటు ఉద్యోగం అడుక్కునే పాటకు ఐటీ వాళ్లు ఊగిపోవడం చూస్తే నాకు ప్రతిసారీ నవ్వొస్తుంది.

రెండోది పర్వాజ్. వీళ్లదీ బెంగళూరే, బ్యాండ్ పెట్టినవాళ్లు మాత్రం కశ్మీర్ నుంచి వచ్చారు. ఉర్దూలో, కశ్మీరీలో పాడతారు. 2014 నాటి బారాన్, 2019 నాటి కున్. బారాన్ అంటే వాన. భాష రాదని భయపడకు. చిన్నప్పుడు మనం హిందీ పాటలు అర్థం తెలిసే పాడామా? వీళ్ల పాటలు తొందరపడవు, ఒకే గిటారు వరసను పట్టుకుని మెల్లగా పెంచుకుంటూ పోతారు. మొదటి పాట మూడో నిమిషానికే విసుగొస్తే నీకు పడదని వదిలెయ్, బలవంతం ఏమీ లేదు. నాకు మాత్రం రాత్రి బస్సులో హిందూపురం వెళ్లేటప్పుడు ఇదే కావాలి.

2024లో వచ్చినవాటిలో నేను ఎక్కువ మందికి చెప్పింది పీటర్ క్యాట్ రికార్డింగ్ కంపెనీ వాళ్ల బీటా. ఢిల్లీ బ్యాండ్, ఇంగ్లీషు పాటలు, ట్రంపెట్ బాగా వాడతారు. పాడే అతని గొంతు పాతకాలపు హోటల్ గాయకుడి గొంతులా బద్ధకంగా ఉంటుంది. మొదటిసారి విన్నప్పుడు మిక్స్‌లో ఏదో మసక ఉందని నా వృత్తిబుద్ధి సణిగింది. మూడోసారికి అర్థమైంది, ఆ మసక కావాలని పెట్టిందే. అద్దం తుడిచేస్తే ఆ పాటల్లో సగం అందం పోతుంది. దీన్ని బ్లూటూత్ స్పీకర్లో వినకు, ఇయర్‌ఫోన్స్‌లో విను.

అదే ఏడాది నవంబర్‌లో గానవ్య ఆల్బమ్ డాటర్ ఆఫ్ ఎ టెంపుల్ వచ్చింది. ఆమె న్యూయార్క్‌లో పుట్టి తమిళనాడులో పెరిగారు. హరికథ నేర్చుకున్న గొంతు. హ్యూస్టన్‌లో ముప్పై మందికి పైగా కళాకారులను ఒకచోట కూర్చోబెట్టి రికార్డు చేసుకున్నారు. బెర్లిన్‌లోని లైటర్ అనే చిన్న లేబుల్ విడుదల చేసింది. జాజ్‌లో పెద్ద పేర్లున్నాయి, విజయ్ అయ్యర్, ఎస్పెరాంజా స్పాల్డింగ్ లాంటివాళ్లు. కానీ ఎవరూ మెరవాలని చూడరు, అదే దాని గొప్ప. మా ఊళ్లో కార్తీక మాసంలో హరికథ చెప్పే భాగవతార్ గారు కథ మధ్యలో హఠాత్తుగా ఆగి, తంబురా శ్రుతి ఒక్కటే వినిపించేలా కాసేపు ఊరుకునేవారు. పిల్లలం కూడా గుసగుసలు ఆపేసేవాళ్లం. ఈ ఆల్బమ్‌లో అలాంటి ఖాళీలు ఉన్నాయి. సౌండ్ మనిషిగా చెప్తున్నాను, ఖాళీని రికార్డు చేయడమే అన్నిటికన్నా కష్టం. గది శబ్దం, ఊపిరి, కుర్చీ కిర్రుమనడం అన్నీ బయటపడతాయి. వాటిని చెరిపేయకుండా వదిలేయడానికి ధైర్యం కావాలి. ఇది ఎంపీత్రీ కాకుండా, నాణ్యత తగ్గని ఫ్లాక్ ఫైల్‌గా తీసుకో. మామూలుగా ధర రెండింటికీ ఒకటే ఉంటుంది, డౌన్‌లోడ్ చేసేటప్పుడు ఫార్మాట్ ఎంచుకోమని అడుగుతుంది, అంతే.

చెవులు గట్టివైతే మెటల్ కూడా ఉంది. క్రిప్టోస్ 1998 నుంచి ఉన్న బెంగళూరు బ్యాండ్, 2024లో డెసిమేటర్ తెచ్చారు. ఎనభైల నాటి హెవీ మెటల్, జంట గిటార్లు, సూటి పాటలు, దాపరికం లేదు. మన హైదరాబాద్ వైపు నుంచి గాడ్‌లెస్ ఉన్నారు, 2021లో వచ్చిన స్టేట్స్ ఆఫ్ కేయాస్ వాళ్ల మొదటి పూర్తి ఆల్బమ్. ఇది డెత్ మెటల్, పక్కింటివాళ్లతో గొడవ రాకుండా చూసుకో.

చెన్నై వైపు ది ఎఫ్ సిక్స్‌టీన్స్ 2021లో తెచ్చిన ఈజ్ ఇట్ టైమ్ టు ఈట్ ది రిచ్ యెట్ హాయిగా, హుషారుగా ఉంటుంది, ఆదివారం ఇల్లు ఊడ్చేటప్పుడు బాగుంటుంది. బెంగళూరు బ్యాండ్ థర్మల్ అండ్ ఎ క్వార్టర్ 1996 నుంచి వాయిస్తున్నారు. వాళ్లది 2020లో వచ్చిన ఎ వరల్డ్ గాన్ మ్యాడ్ విను గానీ, బెంగళూరులో ఆటోవాళ్లతో బేరమాడి అలసిపోయిన మనిషివైతే 2012 నాటి త్రీ వీల్స్ నైన్ లైవ్స్ కూడా వెతుక్కో. మూడు డిస్కుల ఆల్బమ్, పేరులో మూడు చక్రాలు ఏమిటో నీకు చెప్పక్కర్లేదు.

రాపర్ హనుమాన్‌కైండ్ గురించి అడుగుతావని తెలుసు. బాగుంటాడు. కానీ బిగ్ డాగ్స్ పాట తర్వాత అతని వెనక పెద్ద కంపెనీ ఉంది, నీ ఆరు వందలతో అతనికి పనిలేదు. 2019 నాటి కళరి అనే ఈపీ (చిన్న ఆల్బమ్) విను, అప్పటికి ఇక్కడి చిన్న వేదికల మీద పాడుకునే కుర్రాడే.

తెలుగు ఏదీ అంటావు. అసలు గోల ఇదే. మనవాళ్లు దీన్ని ప్రైవేట్ సాంగ్ అంటారు, ఆ మాటలోనే ఉంది చూడు, ఆల్బమ్ కాదు, సాంగ్. చౌరస్తా లాంటి హైదరాబాద్ బ్యాండ్ జానపదాన్నీ రెగేనీ కలిపి మంచి పాటలు చేసింది, కానీ చేతిలోకి తీసుకుని కొనేలా ఏదీ కనిపించదు, అన్నీ విడివిడి పాటలు, యూట్యూబ్‌లో. కాస్త గొంతు బాగుంటే సినిమా వచ్చి ఎత్తుకుపోతుంది, చౌరస్తా రామ్ మిరియాల గొంతు ఇప్పుడు ఎక్కడ వింటున్నామో నీకు తెలుసు. ఇంకో వైపు తెలంగాణ జానపదాలు యూట్యూబ్‌లో కోట్లలో తిరుగుతున్నాయి. రాసేవాళ్లు, పాడేవాళ్లు, షూట్ చేసేవాళ్లు అందరూ సొంతంగానే. నిఖార్సైన ఇండిపెండెంట్ సంగీతం అంటే అదే. కానీ ఆ పాట కింద కొనండి అనే బటన్ ఉండదు. అందుకే తెలుగు వాటా డబ్బును నేను ఆల్బమ్‌ల మీద కాక టికెట్ల మీద పెడతాను. తెలుగు బ్యాండ్ బెంగళూరు వస్తే, ఫ్రీ పాస్ ఇస్తామని ఎవరన్నా అన్నా సరే, టికెట్ కొనుక్కునే వెళ్తాను.

ఎల్పీల, అంటే పెద్ద రికార్డుల జోలికి ఇప్పుడే పోకు. టర్న్‌టేబుల్ లేకుండా ఎల్పీ కొనడం ఎద్దు లేకుండా బండి కొన్నట్టు. ఒక్కో రికార్డు ఖరీదు ఎక్కువే, బయట దేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ అదనం. పైగా అది పెంపుడు జంతువు లాంటిది. నేను ఒక ఏప్రిల్‌లో కొత్త రికార్డు కారు వెనక సీట్లో వదిలేసి మధ్యాహ్నం భోజనానికి వెళ్లాను. వచ్చేసరికి అప్పడంలా వంగింది. ప్లేయర్ మీద పెడితే సూది పడవలో కూర్చున్నట్టు పైకి కిందికి ఊగింది. నాలుగు రోజులు లావుపాటి పుస్తకాల కింద పెట్టి చూశాను, లాభం లేదు. ఇప్పుడది గోడకు వేలాడుతోంది. నీకు చేతిలో పట్టుకునేది కావాలంటే సీడీ కొను. మూడు నాలుగు వందలకు వస్తుంది, లోపల పాటల మాటలు, ఎవరు ఏం వాయించారో అన్నీ ఉంటాయి. సీడీ ప్లేయర్ లేకపోయినా ఆఫీసులో ఎవరి దగ్గరో పాత డ్రైవ్ ఉంటుంది, ఒకసారి ఫైళ్లుగా ఎక్కించుకో.

కొనేటప్పుడు ఒక తలనొప్పి ఉంది, ముందే చెప్తున్నాను. బ్యాండ్‌క్యాంప్ అమ్మకాల డబ్బు కళాకారులకు మామూలుగా పేపాల్ అనే చెల్లింపుల సంస్థ ద్వారా వెళ్తుంది. పేపాల్ 2021 ఏప్రిల్ 1 నుంచి ఇండియాలో దేశీయ చెల్లింపులు ఆపేసింది. దాంతో ఇక్కడి కొనేవాడు, ఇక్కడి అమ్మేవాడు అయితే డబ్బు కట్టే చోట మొరాయించవచ్చు. బయటి లేబుళ్లకు ఈ తంటా లేదు, కార్డులో ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చేసుకుంటే చాలు. దాని మీద బ్యాంకు మామూలుగా మూడు శాతం పైచిలుకు మార్కప్ చార్జీ వేస్తుంది, అది లెక్కలో పెట్టుకో. మన బ్యాండ్ల విషయంలో నేను చేసేది ఒకటే. వాళ్ల ఇన్‌స్టాగ్రామ్‌కు నేరుగా మెసేజ్ పెడతాను: "ఆల్బమ్ కొనాలి, యూపీఐ పంపనా, డౌన్‌లోడ్ కోడ్ ఇస్తారా?" పదిమందిలో తొమ్మిదిమంది ఆ రాత్రికే జవాబిస్తారు, సంతోషంగా. సైటు వాటా కూడా మిగులుతుంది. ఫైళ్లు దిగగానే రెండు చోట్ల దాచుకో. ఒకే హార్డ్‌డిస్క్‌ను నమ్మి నేను నూటపాతిక ఆల్బమ్‌లు పోగొట్టుకున్నాను, అందులో సగం మళ్లీ దొరకలేదు.

ఈ నెల నీ పదిహేను వందలకు నా లెక్క ఇది. గానవ్య ఆల్బమ్ ఒకటి డిజిటల్‌గా. అగం, పర్వాజ్‌లో మూడుసార్ల పరీక్ష ఏది నెగ్గితే అది. మిగిలిన నాలుగైదు వందలు ముట్టుకోకుండా ఏదైనా షో టికెట్‌కు ఉంచు. వచ్చే నెల బీటా, ఆపై మెటల్ నీ ఇష్టం. స్పీకర్ మార్చాలని ఇప్పుడే తొందరపడకు. ఉన్న బ్లూటూత్ డబ్బాను గది మూలన పెట్టావేమో చూడు, మూలన పెడితే బేస్ ఉబ్బిపోయి గొంతు మునిగిపోతుంది. గోడకు రెండడుగులు ఇవతలికి జరుపు, చెవి ఎత్తుకు లేపు. ఖర్చు లేకుండా సగం తేడా తెలుస్తుంది.

షోకు వస్తే స్టేజీకి అతుక్కుని నిలబడకు, అక్కడ నీకు డ్రమ్స్ తప్ప ఏమీ వినబడదు. కన్సోల్ దగ్గరికి రా, హాల్లో పాట సరిగ్గా కుదిరే చోటు అదే. అమ్మకాల బల్ల కూడా అక్కడే. చాలా వేదికలు బేస్‌మెంట్లలో ఉంటాయి, సిగ్నల్ దొరక్క యూపీఐ గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది, వెనక లైను పెరిగిపోయి మొహమాటపడి నువ్వు వెనక్కి వచ్చేస్తావు. జేబులో రెండు ఐదొందల నోట్లు పెట్టుకుని రా, వీలైతే వందలుగా మార్చుకుని.